కాచిన నీళ్ళు

అమ్మ పోయాక ఆమె వంటింటి సామానంతా తీసి ఎవరికి కావలసింది వాళ్ళం పంచుకున్నాం. ఎవరూ తీసుకోనిది ఒకటి మిగిలింది, సొట్టలు పడ్డ పెద్ద అల్యూమినియం గిన్నె. తమ్ముడు దాన్ని పాతసామాన్లవాడికి వెయ్యబోతుంటే లాక్కున్నాను. "దాన్నేం చేసుకుంటావక్కా, అడుగంతా గార కట్టిపోయింది" అన్నాడు. ఆ గార నీళ్ళు కాచి కాచి కట్టింది. ఆ గిన్నెలో అమ్మ మంచినీళ్ళు తప్ప ఇంకేమీ కాచలేదు, పాలు కూడా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నాను. అందరూ అమ్మ మీద ప్రేమనుకున్నారు. ప్రేమ లేదని కాదు గానీ, ఆ గిన్నె చూస్తే ముందు నాకు కలిగేది భయం. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను, నన్ను చూసి మగపిల్లలు గోడ దూకి పారిపోయేవాళ్ళు. అలాంటిదాన్ని, ముక్కూ మొహం తెలియనివాళ్ళెవరైనా మంచినీళ్ళడిగితే ఇవాళ్టికీ గుండె దడదడలాడుతుంది. అదెందుకో ఇంతవరకూ కాగితం మీద పెట్టలేదు.

పెళ్ళికి ముందు అమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. అక్కడి తెల్ల డాక్టరమ్మకి అమ్మంటే ప్రాణం. నేను పుట్టినప్పుడు ఆవిడ నన్ను చూడ్డానికి స్వయంగా మా ఇంటికొచ్చింది. దొరసానమ్మ తన గుమ్మం తొక్కిందన్న సంబరంలో అమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదట. ఇత్తడి గ్లాసు తోమి, కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఇండుపగింజ అరగదీసి తేర్చిన కాలవ నీళ్ళు. ఆవిడ ఒకసారి గ్లాసులోకి, ఒకసారి అమ్మ మొహంలోకి చూసి, కాదనలేక తాగేసింది. తర్వాత తొమ్మిది రోజులు మంచం మీదనుంచి లేవలేదు. ఆవిడ ఒక్క మాటా అనలేదు గానీ అమ్మ తనని తాను క్షమించుకోలేదు. "నా చేత్తో చంపేసేదాన్ని కదే" అని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చెప్పేది. ఆ రోజునుంచి మా ఇంట్లో కాచిన నీళ్ళే. మున్సిపాలిటీ కుళాయి తెల్లవారకముందే వచ్చేది. ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేసరికి అమ్మ పొట్టు పొయ్యి ముట్టించి, గిన్నె పైకెక్కించి, ముందు కూచుని కీర్తనలు పాడుకుంటూ ఉండేది. తెర్ల కాగాక మూడు కీర్తనలు పూర్తయ్యేదాకా దించేది కాదు. తర్వాత నాన్న పాత పంచె గుడ్డలో వడగట్టి కూజాలో పోసేది. మా నీళ్ళకి పొగవాసన, కాస్త గుడ్డవాసన ఉండేది. పేటలో ఇంకెవరింట్లో తాగినా అవి చప్పగా అనిపించేవి నాకు.

నాన్న రైల్వేలో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. మేం పటమటలో అద్దెకుండేవాళ్ళం. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఫలితాలకోసం చూస్తున్న ఎండాకాలంలో, ఒకరోజు పొద్దున్నే నాన్న రాత్రి డ్యూటీ దిగి ఇద్దరు తెల్లవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వీపున వాళ్ళంత ఎత్తు సంచులు, కాళ్ళకి తెగిపోయి తాళ్ళతో కట్టుకున్న చెప్పులు. నాన్న గొంతు తగ్గించి అమ్మకి చెప్పాడు: "ప్లాట్‌ఫాం మీద కాగితం పరుచుకుని పడుకున్నారే పాపం. దొరలు నేలమీద పడుకోవడమేంటి, మన చర్చి సంఘం పరువేం కాను! సాయంత్రం కలకత్తా బండికి పోతారంట."

అమ్మ వాళ్ళ కాళ్ళవంక చూసింది. ఆ పగుళ్ళూ, ఆ దుమ్మూ చూసేసరికి ఆమెకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "మిషనరీలే. సువార్తకోసం ఇట్టా తిరుగుతున్నారు" అని తేల్చేసింది. అమ్మ కళ్ళకి తెల్లతోలుంటే మిషనరీ, చిరుగులుంటే ఇంకా పెద్ద మిషనరీ. నేను ఇంగ్లీషులో అడిగితే అసలు సంగతి తెలిసింది. అబ్బాయి పేరు మార్కు, అమ్మాయి పేరు లీసా. హాలెండునుంచి బయల్దేరి, తక్కువ ఖర్చుతో దేశాలు చూస్తున్నారు. చర్చి మొహం చూసి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే తెలియదు. ఇదంతా అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇడ్లీల ముందు అమ్మ ప్రార్థన చెయ్యమని చేతులు జోడిస్తే, ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని తలలు వంచారు. పేరుకి సువార్త రాసిన మార్కు, పాపం ప్రభువు ప్రార్థన కూడా రాదు.

ఊరు చూస్తామన్నారు. ఆ వీధి మొత్తానికి ఇంగ్లీషు మాట్లాడేదాన్ని నేనే. "తీసుకెళ్ళమ్మా సుగుణా, నాలుగింటికల్లా స్టేషన్‌కి తీసుకొచ్చెయ్" అని నాన్న నిద్రకి ఒరిగాడు. నేను ఎగిరి గంతేశాను. కాన్వెంటు చదువు చదివింది ఇలాంటి రోజుకోసమేననిపించింది. అమ్మ మాత్రం రెండు ఖాళీ షర్బతు సీసాలు కడిగి, కాచిన నీళ్ళు నింపి, తడిగుడ్డ చుట్టి సంచిలో పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇవి తప్ప ఇంకో చుక్క వాళ్ళ నోట్లో పడనివ్వకు. బయట నీళ్ళు తాగారో, వాళ్ళ తల్లులకి నువ్వే జవాబు చెప్పుకోవాలి. వాళ్ళ కడుపులు మన కడుపులు కావే" అంది. తొమ్మిది రోజుల సంగతి ఆమెకి గుర్తుకొస్తోందని నాకు తెలుసు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజు రోళ్ళేం ఖర్మ, బెజవాడ కొండలే పగిలేట్టున్నాయి. సిటీ బస్సులో వన్‌టౌన్ దిగాం. రిక్షా ఎక్కమంటే లీసా ఒప్పుకోలేదు. ఇంకో మనిషి లాగుతుంటే తను కూచోదట. మార్కు మాత్రం డబ్బులు దాచుకోవాలని నిజం చెప్పాడు. సరే నడక. మార్కెట్లో మిరపకాయల కొట్లముందు ముగ్గురం తుమ్మాం. ఉల్లిపాయల మూటల మధ్యనుంచి, బెల్లం దిమ్మల మీద ముసిరిన ఈగల మధ్యనుంచి, వెనకాల ఇరవైమంది జనం మమ్మల్ని చూస్తూ నడుస్తుంటే, నేను రాణీగారిలా ముందు నడిచాను. మార్కు అన్నిటికీ పగలబడి నవ్వేవాడు. లీసా ప్రతిదీ ముట్టుకుని, పేరడిగి, చిన్న పుస్తకంలో రాసుకునేది. మొదటి సీసా అక్కడే అయిపోయింది. రెండో సీసా తీసి ఇస్తే మార్కు రెండు గుక్కలు తాగి, హాయిగా నవ్వుతూ మిగతాదంతా నెత్తిన పోసుకున్నాడు. మా అమ్మ మూడు కీర్తనలు పాడి కాచిన నీళ్ళు వన్‌టౌన్ మట్టిలో ఇంకిపోయాయి. అప్పటికింకా పదకొండు కూడా కాలేదు.

లీసా మొదటిసారి నీళ్ళడిగింది మార్కెట్ దాటిన మలుపులోనే. అక్కడ చలివేంద్రం ఉంది. తాటాకు పందిరికింద ఇసుకలో పాతిన కుండలు, వాటికి చుట్టిన తడి గోనెలు, పొడుగు కాడ ముంతతో నీళ్ళు పోస్తున్న ముసలాయన. తడిమట్టి వాసన వీధిలోకి కొడుతోంది. ఆ వాసనకే నా ప్రాణం లేచొచ్చింది, వెళ్ళి దోసిలిపట్టి కడుపునిండా తాగాను. లీసా నా పక్కనే వచ్చి దోసిలి పట్టింది. నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాను. "ఈ నీళ్ళు మీకు మంచివి కావు, మా ఇంటికెళ్ళాక తాగుదాం" అన్నాను. "పొయ్యనియ్యమ్మా, పాపం పిల్ల మొహం కందిపోయింది" అన్నాడు ముసలాయన. "మీకు తెలీదు తాతగారూ" అన్నాను. లీసా నవ్వి, థాంక్యూ అంది. తన మేలుకోసం వద్దంటున్నానని ఆమెకి అర్థమైంది. ఆ థాంక్యూయే నన్ను ఇప్పటికీ కాలుస్తున్న మాట.

అక్కణ్ణించి ఇంటికి తిరిగొచ్చెయ్యాల్సింది. కానీ మార్కు కృష్ణ చూస్తానన్నాడు, నాకూ బ్యారేజీ మీద వాళ్ళని నడిపించాలని సరదా. ఘాటు దగ్గర గోలీసోడా బండి కనబడితే లీసా రెండోసారి అడిగింది. ఆ బండివాడు సీసాలు ముంచి కడిగే బక్కెట్లో నీళ్ళు చూశాను, టీ రంగులో ఉన్నాయి. వద్దన్నాను. ఐసు వద్దన్నాను, అది కాలవ నీళ్ళతో చేస్తారని అమ్మ చెప్పింది. మార్కు మాత్రం నా మాట వినకుండా రెండు సోడాలు కొట్టి త్రేన్చాడు. లీసా వింది. ఊరంతా కొబ్బరిబొండాలు కుప్పలు పోసుంటే ఆ సంగతి నా బుర్రకి తట్టనే లేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. బొండాంలో నీళ్ళకి ఎవరి చెయ్యీ తగలదు కదా. పదిహేడేళ్ళ మొద్దుకి అంత ఆలోచన ఎక్కడిది? అమ్మ చెప్పింది చెయ్యడమే తెలుసు.

బ్యారేజీ మీద చెట్టు నీడ అన్నది లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పైనుంచి ఎండ, కిందనుంచి సిమెంటు సెగ, పక్కనుంచి వడగాలి. ఒకవైపు నిండుగా నీళ్ళు, రెండోవైపు మైళ్ళకొద్దీ ఇసుక. సగం దూరం నడిచాక లీసా రెయిలింగు పట్టుకుని నిలబడిపోయి, నీళ్ళవైపు చెయ్యి చూపించింది. మూడోసారి. "కొంచెమే, నోరు తడుపుకుంటాను" అంది. నాకు విసుగొచ్చింది. ఇంత చదువుకున్న మనిషికి చెబితే అర్థం కాదేమిటనుకున్నాను. "ఇంకొంచెం దూరమే" అన్నాను. అవతలి ఒడ్డునుంచి మా ఇల్లు దగ్గరేమీ కాదు, ఇంకా దూరమవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. వెనక్కి తిరగడానికి సిగ్గేసి అబద్ధం చెప్పాను. అప్పుడే ఆమె చెయ్యి పట్టుకుంటే చెమట లేదు. మార్కూ నేనూ చెమటతో ముద్దయిపోయాం, లీసా చెయ్యి మాత్రం పెనంలాగా పొడిగా కాలిపోతోంది. తెల్లవాళ్ళకి చెమట పట్టదేమోననుకున్నాను.

సీతానగరం వైపు దిగుతుండగా ఆమె నాలుగోసారి అడిగింది. ఈసారి ఇంగ్లీషులో కాదు, తన భాషలో. నా మొహంలోకి చూస్తూ, నన్ను ఇంకెవరో అనుకుని, బహుశా వాళ్ళమ్మ అనుకుని, చిన్నపిల్లలా అడిగింది. ఆ భాషలో నాకొక్క ముక్క రాదు. కానీ ఏమడిగిందో తెలిసింది. నేను ఏం చెప్పాలా అని చూస్తుండగానే మోకాళ్ళ మీద కూలబడి పక్కకి పడిపోయింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

భయమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. మార్కు నవ్వు ఎటుపోయిందో పోయింది, ఆమె పేరు పెట్టి అరుస్తున్నాడు, నన్ను పట్టుకుని కుదుపుతున్నాడు. నాకు వినబడుతున్నది మాత్రం అమ్మ మాట. వాళ్ళ తల్లులకి నువ్వే జవాబు చెప్పుకోవాలి. పోలీసులొస్తారు, నాన్న ఉద్యోగం పోతుంది, ఈ పిల్ల శవాన్ని ఎక్కడికి పంపాలో కూడా నాకు తెలియదు, ఇంటిపేరైనా అడగలేదు. ఇవన్నీ ఒక్కసారే బుర్రలో తిరిగాయి. రోడ్డువార పుచ్చకాయముక్కలు అమ్ముకుంటున్న ఒక పెద్దావిడ కడవ చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఓయమ్మో, వడదెబ్బ! పక్కకి తప్పుకోండి!" అంటూ కడవ వంచబోయింది. అప్పుడు నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. అడ్డం పడ్డాను. "ఆ నీళ్ళొద్దండీ, దొరలకి పడవు, మా అమ్మ ఒద్దంది!" అని ఏడుస్తూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"పడకపోవడమేందే, మనిషి చచ్చిపోతా ఉంటే! దొరలైతే ఏంది, ఆళ్ళకి దప్పికుండదా?" అని ఆవిడ నన్నొక్క తోపు తోసింది. వెల్లకిలా పడ్డాను. ఆవిడ కడవెడు నీళ్ళూ లీసా తలమీద, గుండెలమీద, మెడవెనకా కుమ్మరించింది. చీరకొంగు తడిపి చంకల్లో పెట్టింది. పెదాలు మాత్రం తడిపింది, తెలివొచ్చేదాకా గొంతులో పొయ్యకూడదంది. ఇంకో కడవ ఎవరో తెచ్చారు. ఎవరో తాటాకుతో విసిరారు. సున్నం మూటలు దించి వెళ్తున్న జీపు ఆపి, మార్కు ఆమెని ఎత్తుకుని ఎక్కాడు. నన్నెవరూ ఎక్కమనలేదు, నేనే వెనక పట్టుకు వేళ్ళాడాను. బ్యారేజీ మీదుగా ఆసుపత్రికి వెళ్ళేదాకా నేను ప్రార్థన చేశానని తర్వాత అందరికీ చెప్పాను. చెయ్యలేదు. ఏం చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచించాను.

ఆసుపత్రికి అమ్మ చెప్పులు కూడా లేకుండా వచ్చింది. మంచంమీద సెలైన్ ఎక్కుతున్న పిల్లనీ, గోడవార కూచున్న నన్నూ చూసి, ముందడిగిన మాట "ఏం నీళ్ళు పోశారే?" అని. పుచ్చకాయలావిడ కడవ సంగతి చెప్పాను. "నోట్లోకేమైనా పోయాయా?" అంది. పెదాలు తడిపారన్నాను. అమ్మ మొహం పాలిపోయింది. ఆమె భయం ఎండ గురించి కాదు, ఆ పెదాల మీది తడి గురించి. తర్వాత రెండు రోజులూ మంచం పక్కనుంచి కదలకుండా ఉపవాసం ఉంది, ఆ గిన్నె ఆసుపత్రికే తెప్పించుకుని వార్డువెనక కట్టెలు రాజేసి నీళ్ళు కాచింది. మూడోరోజుకి లీసా లేచి కూచుని అమ్మ చేత్తో గంజి తాగింది. విరేచనం లేదు, జ్వరం లేదు. అమ్మ నేలమీద మోకరించి భోరున ఏడ్చింది. బండెక్కే ముందు లీసా నన్ను కావలించుకుని, తనని బాగా చూసుకున్నానంది. నీళ్ళ ఊసెత్తలేదు. గుర్తుందో లేదో నాకు తెలియదు. హాలెండునుంచి ఉత్తరం వస్తుందని అమ్మ ఏళ్ళతరబడి పోస్టుమాన్‌కోసం చూసింది. వస్తే అందులో ఏముంటుందోనని నేనూ చూశాను, వీధి తలుపు వెనక నిలబడి. రాలేదు.

మా సంఘంలో ఆదివారం సాక్ష్యం చెప్పడం అలవాటు. ఆ వారంలో దేవుడు చేసిన మేలేదో లేచి అందరిముందూ చెప్పాలి. పాస్టరయ్యగారు నన్ను లేపారు. చెప్పాను. ఎండ చెప్పాను, పడిపోవడం చెప్పాను, జీపు చెప్పాను, చెయ్యని ప్రార్థన కూడా చెప్పాను. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. ఇంటికి నడిచొస్తుంటే అమ్మ గొడుగు నా మీదికి వంచి అడిగింది. "సీసాలు పదకొండింటికే అయిపోయాయన్నావు కదా. ఆ పిల్ల మళ్ళీ నీళ్ళడగలేదా?"

"లేదమ్మా" అన్నాను.

"అదీ సంగతి. అడిగితే నువ్వివ్వకుండా ఉంటావా? నేను వద్దన్నా ఇచ్చేదానివి. నా కూతురివి కదా" అంది, తేలికపడి. నిజం చెబితే తప్పు నాదొక్కదానిదే కాదు, ఆమెది కూడా అవుతుంది. డాక్టరమ్మని చంపబోయానని అన్నేళ్ళు కుమిలిన మనిషి దీన్ని మొయ్యలేదు. ఇలా అనుకుని ఊరుకున్నాను. అమ్మకోసం అనుకున్నానో, నాకోసమే అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

ఇవాళ బందరురోడ్డు మీద సంచులు మోసుకుంటూ తిరిగే కుర్రకారు కనబడుతూనే ఉంటారు, తెల్లవాళ్ళూ, మనవాళ్ళూ. చేతిలో ఫోను, సంచి పక్కజేబులో లీటరు సీసా, తలకి టోపీ. వాళ్ళకి నాలాంటి గైడుతో పనిలేదు, మంచిదే. మా అపార్టుమెంటులో ప్రతి గుమ్మం ముందూ నీళ్ళ టిన్ను ఉంటుంది. కుళాయి నీళ్ళు పని పిల్లకి కూడా ఇవ్వడానికి భయపడతాం, ఊరెళితే సీసాలు మోసుకెళతాం. చివరికి మన కడుపులు కూడా దొరల కడుపులైపోయాయి. ఎండ అప్పటికన్నా పెరిగిందంటారు, ఏమో. పెరిగింది మాత్రం భయమే. అప్పుడు అమ్మ ఒక్కతే భయపడేది, ఆ ఒక్క భయం వల్లే ఒక పిల్ల పోబోయింది. ఇంతమంది భయాల మధ్య ఎవరెవరు దాహంతో పడిపోతున్నారో మనకి కనబడుతోందా?

మొన్న అమ్మ జ్ఞాపకార్థ కూడికలో కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఈ కథే చెప్పారు. ఇన్నేళ్ళలో అది చాలా ఎదిగింది. చావుబతుకుల్లో ఉన్న విదేశీ యువతిని అమ్మ తన కాచిన నీళ్ళతో బతికించిందట. "కళ్ళారా చూసిన కూతురు సుగుణ టీచరుగారు రెండు మాటలు చెబుతారు" అన్నారు. లేచాను. అమ్మ ఫోటో వైపు చూడకుండా, గబగబా చెప్పేశాను. "ఆ పిల్లని బతికించింది సీతానగరంలో పుచ్చకాయలమ్మే ఆవిడ. ఆవిడ పేరు కూడా నేనడగలేదు. ఆ పిల్ల నన్ను నాలుగుసార్లు నీళ్ళడిగింది. నేనివ్వలేదు. పొయ్యబోయిన ఆవిణ్ణి ఆపాను. అడగలేదని మా అమ్మకి అబద్ధం చెప్పాను."

వెనకనుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. "ఆమెన్" అన్నారు అందరూ, ఎప్పుడూ అనేట్టే. పాస్టరుగారు వాచీ చూసుకుని ముగింపు పాట ఎత్తుకున్నారు. ఎవరైనా తిడతారనుకున్నాను, కనీసం మొహం తిప్పుకుంటారనుకున్నాను. కుర్చీలో కూలబడ్డాను. పక్కన కూచున్నావిడ నా మొహంలోకి వంగి చూసింది. ఎవరో నాకు తెలియదు. "నోరెండిపోయిందమ్మా మీకు" అంటూ తన సంచిలోంచి సగం తాగిన సీసా తీసి, మూత విప్పి నా చేతిలో పెట్టింది. నేనడగలేదు.